రెండో బ్యాటరీకి కుదురేదీ?

ముప్పది ఏళ్లకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి పుచ్చుకున్న తెలుగు పండితుడికి మోటారు బళ్ల బ్యాటరీలతో పనేమిటని మిత్రులకు సందేహం కలగవచ్చు. కలగడం న్యాయమే. అయితే సైదాబాదులో కాపురముండి, రోజూ సాయంకాలం చంచల్‌గూడ మీదుగా మలక్‌పేట వరకు నడిచి వచ్చేవాడికి కొన్ని సంగతులు కంటబడక తప్పదు. ఆసుపత్రుల గోడవారగా ప్రైవేటు ఆంబులెన్సు వ్యానులు బారులు తీరి నిలబడి ఉంటాయి. ఇంజను ఆపి ఉంటుంది. లోపల మాత్రం దీపం వెలుగుతూ ఉంటుంది, ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, డ్రైవరు ఫోను చార్జింగులో ఉంటుంది. గంటల తరబడి ఇలా నడవడానికి బండితో వచ్చిన ఒక్క బ్యాటరీ చాలదు. అందుకని రెండోది పెడతారు. పెట్టినది ఎక్కడ పెట్టారు, దేనికి కట్టారు అన్నదే నా ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆంబులెన్సుకు రెండో బ్యాటరీ ఆడంబరం కాదు, అవసరం. కాని దానిని బిగించకుండా ఇరికించడం ప్రాణాపాయం. ఇరికించడమూ బిగించడమూ ఒకటే అనుకునే అలవాటు మనలో బలంగా ఉంది. దానిని ఖండించడానికే ఈ నాలుగు మాటలు.

అవసరం ఎందుకో కొంచెం వివరించాలి. బండి స్టార్టు కావాలంటే సెల్ఫ్ మోటారుకు ఒక్కసారిగా వంద ఆంపియర్లకు పైగా విద్యుత్తు కావాలి. ఆ బలం ఇవ్వడానికే మొదటి బ్యాటరీ ఉన్నది. దీపానికీ, ఫ్యానుకూ, రోగి గొంతులో కఫం లాగే యంత్రానికీ దానినే వాడి హరించివేస్తే, తీరా రోగిని ఎక్కించుకున్న క్షణంలో సెల్ఫ్ ఎత్తదు. నలుగురు దిగి తోయవలసిన ఆంబులెన్సును ఊహించుకోండి! హైదరాబాదు కేంద్రంగా 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైన తరువాత ఆంబులెన్సు అంటే కేవలం పడుకోబెట్టి తీసుకుపోయే బండి కాదని, దారిలోనే చికిత్స జరిగే చోటు అని మన జనానికి తెలిసింది. అది మంచి మార్పు. ఆ మార్పుతోపాటే బండిలో విద్యుత్తు ఖర్చూ పెరిగింది. పెద్ద సంస్థల బళ్లలో ఇందుకు తగిన ఏర్పాటు ముందే చేయించుకుంటారు. చిన్న వ్యాను కొని, పైన ఎర్ర దీపం పెట్టి, ఇద్దరు ముగ్గురు కలిసి బ్రతుకుతెరువుగా నడుపుకునేవారి దగ్గరికి వచ్చేసరికి ఆ ఏర్పాటు వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్ చేతిలో పడుతుంది.

బ్యాటరీ అనే మాట గురించి ఒక్క క్షణం ఆగుతాను (పాత అలవాటు, మన్నించాలి). ఆ మాట మొదట ఫిరంగుల వరుసకు పేరు. విద్యుత్తును దాచే గాజు జాడీలను వరుసగా పేర్చి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1749 ప్రాంతంలో ఆ వరుసకు ఈ పేరు పెట్టాడు. మన తెలుగు పాఠ్యపుస్తకాలవారు ఘటమాల అన్నారు. వాడుకలో నిలవలేదు గాని, ఎంత చక్కని మాట! ఘటం అంటే కుండ, మాల అంటే వరుస. కారు బ్యాటరీ లోపల నిజంగానే ఆరు అరలుంటాయి. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొంచెం పైన, ఆరూ కలిసి నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు. ప్రతి అరలోనూ సీసపు పలకలు, వాటి చుట్టూ గంధకామ్లం కలిపిన నీరు. 1859లో గాస్తోన్ ప్లాంతే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చేసిన ఏర్పాటు ఇది. మూలసూత్రం నేటికీ అదే. తయారీలో మనవాళ్లు తక్కువ తినలేదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీలు ఇవాళ దేశమంతా తిరుగుతున్నాయి.

కుండ అనగానే మన పెద్దలకు కుదురు గుర్తుకు వచ్చేది. అడుగు గుండ్రంగా ఉన్న కుండ గచ్చు మీద నిలవదు. గడ్డితోనో, పాతగుడ్డతోనో చుట్ట చేసి దాని మీద కూర్చోబెట్టేవారు. నెత్తిన బిందె పెట్టుకునే ఆడవారికి చుట్టకుదురు లేనిదే అడుగు పడేది కాదు. ఆ వస్తువు పేరే స్థిరత్వానికీ పేరైంది. "కుదురుగా కూర్చోరా" అని నేను తరగతి గదిలో కొన్ని వేల సార్లు అని ఉంటాను. ఇప్పుడు చెప్పండి, ఆమ్లం నిండిన ఆరు కుండలను కుదురు లేకుండా బండిలో పెట్టి గుంతల దారిన ఎవరు తోలుకుపోతారు? మనం తోలుకుపోతున్నాం.

మా పాత విద్యార్థి ఒకడు ఈ చుట్టుపక్కలే ఆటో ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాడు. చేతిపని బాగా తెలిసినవాడు. ఒకనాడు వాడి దుకాణం ముందు ఆగి ఒక వ్యానులో రెండో బ్యాటరీ అమర్చడం చూచాను. సీటు పైకెత్తి, ఇంజనుకూ పక్క రేకుకూ నడుమ ఉన్న సందులో బ్యాటరీని దించి, కదలకుండా ఒక చెక్కముక్క దిగగొట్టి, పైనుంచి పాత సైకిల్ ట్యూబుతో చుట్టాడు.

"ఏమిరా నాయనా, దీనికి పట్టీ, బోల్టు ఏమీ లేవా?" అన్నాను.

"జాగ యాడుంది సార్? చెయ్యి పెట్టనీకె సందు లేదు. ఇట్ల టైటుగ ఇరికిస్తె అదే కదల్దు. బరువు గూడ ఉంది గద" అన్నాడు.

వాడు చెప్పిన రెండు కారణాలూ (ఇరుకు, బరువు) చూడడానికి సమంజసంగా ఉంటాయి. రెండూ తలకిందులు.

ముందు బరువు సంగతి. ఇటువంటి వ్యానులో రెండోదిగా పెట్టే బ్యాటరీ పన్నెండు కిలోలు తూగుతుందనుకుందాం. నిలబడి ఉన్న బండిలో ఆ బరువు దానిని కింద అదిమి పెడుతుంది, నిజమే. నడుస్తున్న బండిలో బరువే శత్రువు. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. ఎదురుగా దేనినో గుద్దుకుని ఆ వేగం సెకనులో పదో వంతు కాలంలో సున్న అయిందంటే, బండిలోని ప్రతి వస్తువూ తన బరువుకు పదకొండు రెట్ల బలంతో ముందుకు తోసుకువస్తుంది. పన్నెండు కిలోల బ్యాటరీ ఆ క్షణంలో నూట ముప్పది కిలోల బలం చూపుతుంది. అంటే రెండున్నర బియ్యపు బస్తాలు. సైకిల్ ట్యూబు ఆపుతుందా? యూరపులో ఆంబులెన్సులకు పెట్టుకున్న ఈ.ఎన్. 1789 అనే ప్రమాణం, లోపల అమర్చే పరికరాల పట్టు పది రెట్ల గురుత్వ బలానికి తట్టుకోవాలని నిర్దేశిస్తుంది. పదో తరగతి లెక్కకూ ఆ ప్రమాణానికీ పొంతన కుదరడం చూడండి.

గుద్దుకోవడం దాకా ఎందుకు? సైదాబాదు నుంచి సంతోష్‌నగర్ వెళ్లి రండి. స్పీడు బ్రేకర్లు, మ్యాన్‌హోలు మూతలు, తవ్వి పూడ్చిన గుంతలు. ఒక్కో కుదుపుకు బ్యాటరీ వెంట్రుకవాసి లేచి పడుతుంది. ఆ వెంట్రుకవాసి చాలు, చెక్కముక్క నలిగి వదులవుతుంది. ఇంజను వేడికి బ్యాటరీ పెట్టె ప్లాస్టిక్కు కొంచెం మెత్తబడుతుంది. లోపల సీసపు పలకల మీది పదార్థం పొడిగా రాలి అడుగున చేరుతుంది. ఆరు నెలల క్రితం గోరు కూడా దూరనంత బిగువుగా ఉన్నది ఇవాళ కదులుతుంది. ఇరికించిన వస్తువు పట్టు మొదటి రోజున ఎంత ఉందో మరునాటి నుంచి అంతకంటె తక్కువే. బోల్టు వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు, చెక్కముక్క నలగడం ఎవరికీ కనబడదు.

ఇక ఇరుకు. మన వీధుల్లో ఇప్పటికీ తిరుగుతున్న ఓమ్నీ వ్యానును తలచుకోండి. 1984లో మారుతి వ్యానుగా వచ్చి, తరువాత ఓమ్నీ అయి, 2019లో తయారీ ఆగిపోయిన బండి. దాని తరువాతి ఈకో కూడా అదే వంశం. వీటిలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. తక్కిన కార్లలో వలె ముందు ఒక గది, దానికి మూత, మనుషులకూ దానికీ నడుమ ఒక గోడ అనే ఏర్పాటు లేదు. మనిషి కూర్చున్న చోటికి జానెడు దిగువనే అగ్నిహోత్రం. అక్కడ సందు దొరికింది కదా అని బ్యాటరీ దించితే, ఒకవైపు పొగగొట్టం సెగ, ఒకవైపు పదునైన రేకు అంచు, పైన సీటు ఇనుప చట్రం. పాత ఫోక్స్‌వాగెన్ బీటిల్ కార్లలో బ్యాటరీ వెనుక సీటు కింద ఉండేది. టెర్మినళ్ల పైమూత ఊడిపోయిన బళ్లలో బరువైన మనిషి కూర్చోగానే సీటు స్ప్రింగులు కిందికి దిగి టెర్మినల్‌కు తగలడం, సీటు అంటుకోవడం ఆ కార్లు నడిపినవారు ఎరిగిన సంగతి. జర్మనీ ఇంజనీర్లు స్వయంగా ఎంచిన చోటే అలా ఉంటే, మనం చెక్కముక్కతో ఎంచిన చోటు మాట వేరే చెప్పాలా?

టెర్మినల్ ఇనుముకు తగిలితే ఏమవుతుందో బ్యాటరీ పని చేసేవారందరికీ తెలుసు. బండి శరీరమంతా రుణధ్రువం. ధనధ్రువం దానిని తాకిన క్షణంలో వందల ఆంపియర్లు పారుతాయి. స్పానరు ఎర్రబడుతుంది, తీగ మీది ప్లాస్టిక్కు కరిగి మండుతుంది. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు కాబట్టి ప్రమాదం లేదనే భ్రమ ఒకటి చాలామందిలో ఉంది. షాక్ కొట్టదు, కాలుస్తుంది.

ఇందులో రెండో బ్యాటరీకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మొదటి బ్యాటరీ నుంచి రెండో దానికి ఒక లావు తీగ వేస్తారు, ఇంజను నడుస్తున్నప్పుడు రెండూ చార్జి అయ్యేందుకు. మామూలు తీగకు ఒక కొసనే ప్రాణం ఉంటుంది, అటు ఫ్యూజు పెడితే చాలు. ఈ తీగకు రెండు కొసలా బ్యాటరీలే. నడుమ ఎక్కడో రేకు అంచుకు ఒరసి పైతొడుగు తెగిందంటే రెండు వైపుల నుంచీ విద్యుత్తు వచ్చి అక్కడ మండుతుంది. మొదటి బ్యాటరీ దగ్గర ఒక్క ఫ్యూజు పెట్టి ఊరుకుంటే అది కాలిపోయిన తరువాత కూడా రెండోది పారుతూనే ఉంటుంది. కనుక రెండు కొసలా, ప్రతి బ్యాటరీకి జానెడు దూరంలో, ఫ్యూజు ఉండాలి. తీగ రేకు గుండా దూరే చోట రబ్బరు తొడుగు ఉండాలి. నేను చూచిన నాలుగైదు బళ్లలో ఒక్కదానికీ రెండో ఫ్యూజు లేదు. నడుమ రిలే పెట్టకుండా రెండింటినీ నేరుగా కలిపివేయడం మరొక పాపం. అలా కలిపితే దీపమూ ఫ్యానూ రెండింటినీ కలిపే తాగేస్తాయి, పాత బ్యాటరీ కొత్తదానిని కూడా కిందికి లాగుతుంది. రెండోది ఉండీ లేనట్టే.

మిత్రులలో ఎవరైనా, ఇరుకు అయితే ఏం చేయమంటారు అని అడగవచ్చు. నా సమాధానం చాలామందికి నచ్చదు. అక్కడ పెట్టకండి. ఇంజను గదిలో ట్రే కట్టి, పట్టీ వేసి బిగించేంత చోటు లేకపోతే అది బ్యాటరీ చోటు కాదు. లారీలకూ బస్సులకూ రెండేసి బ్యాటరీలు కలిపి 24 వోల్టులు చేయడం ఎప్పటి నుంచో ఉంది. మన ఆర్టీసీ బస్సులు చూడండి. ఇంజను పక్కన సందు వెతకలేదు, దానికంటూ ఒక గూడు, గూటికి తలుపు కట్టారు. ఆస్ట్రేలియాలోనూ, అమెరికాలోనూ ఎడారుల్లో తిరిగే జీపులకు ఏ నమూనాకు ఆ నమూనాగా రెండో బ్యాటరీ ట్రేలు బజారులో అమ్ముతారు. అక్కడి మన పిల్లలు ఎరిగే ఉంటారు. మన చిన్న వ్యానులకు అటువంటిది నాకు ఇక్కడి దుకాణాలలో కనబడలేదు. కనుక చేయించుకోవాలి.

వెనుక రోగి గదిలో బల్ల కింద పెడదామా అంటే, మరొక ఆలోచన కావాలి. మామూలు సీసపు బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు నీటిని విడగొట్టి ఉదజని వాయువును వదులుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లు చేరితే నిప్పురవ్వ చాలు. అదే గదిలో ప్రాణవాయువు సిలిండరు ఉంటుంది. ప్రాణవాయువు తాను మండదు గాని, మండేదానిని దావానలం చేస్తుంది. ఉదజని, ప్రాణవాయువు, కదులుతున్న టెర్మినల్, కదలలేని రోగి. ఈ నాలుగింటినీ ఒక్క తలుపు వెనుక చేర్చడం కంటె అవివేకం ఏముంటుంది? వెనుక పెట్టవలసివస్తే నీళ్లు పోసే రకం కాక, ఆమ్లం చిందని మూసిన రకం బ్యాటరీ తీసుకోవాలి. మూసిన రకం కూడా అతిగా చార్జి అయితే వాయువు వదులుతుంది కనుక దానిని పెట్టెలో పెట్టి, పెట్టె నుంచి ఒక గొట్టం బండి అడుగు గుండా బయటికి తీయాలి. ఖర్చు ఎక్కువే. మండు వేసవిలో ఇంజను పక్కన ఉడికే బ్యాటరీ కంటె ఇది చాలా ఎక్కువ కాలం బ్రతుకుతుంది కనుక ఆ ఖర్చు కొంత తిరిగి వస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని ఆ వృత్తివారు చెప్పే మోటు లెక్క.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాదు నుంచి బెంగళూరు వెళుతున్న ప్రైవేటు బస్సు తగలబడి పంతొమ్మిదిమంది ప్రయాణికులు మరణించిన సంగతి మరచిపోలేనిది. రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును ఈడ్చుకుపోవడం వలన నిప్పు పుట్టింది. సామాన్ల అరలో ఉన్న వందలాది సెల్‌ఫోన్ల పార్సెలూ, బస్సు ఏసీకి వాడే బ్యాటరీలూ పేలి మంటను పెంచాయని అగ్నిమాపక శాఖ పెద్దలు అప్పట్లో చెప్పారు. ఆ ఘోరానికి కారణం బ్యాటరీ బిగింపు లోపమని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. బయట పుట్టిన నిప్పు లోపలి బ్యాటరీని చేరితే ఏమవుతుందో మాత్రం అందులో చూచాం. లోపలనే నిప్పు పుట్టించే ఏర్పాటును మనమే సైకిల్ ట్యూబుతో కట్టుకోవడం ఎందుకన్నది నా మాట.

చట్టం సంగతి కూడా కొంత ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషనులో వ్రాసిన వివరాలకూ తయారీదారు నిర్దేశించిన స్వరూపానికీ భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం దానిని గట్టిగానే చెప్పింది. రెండో బ్యాటరీ ఆ సెక్షను కిందికి వస్తుందా రాదా అని వకీళ్లు వాదించుకోవచ్చు. మంట వచ్చిన తరువాత బీమావాడు మాత్రం వైరింగు ఎవరు మార్చారని తప్పక అడుగుతాడు.

ఊరేగింపు బళ్లూ, ప్రచారపు మైకు ఆటోలూ ఈ విద్యలో ఇంకా సిద్ధహస్తులు. వినాయక నిమజ్జనం నాడు మా వీధి వెంట వెళ్లే బళ్లలో బ్యాటరీలను పెట్టెల నడుమ తాళ్లతో కట్టి ఉండడం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపులలో డీజేలను నగర పోలీసులు నిషేధించారు. అది చెవుల క్షేమం కోసం. బ్యాటరీల జోలికి ఎవరూ పోలేదు.

పూర్వపు బండివాడికి ఈ జ్ఞానం ఉండేది. ఇరుసు చివరి చీల చూచుకోకుండా, ఎక్కించిన సరుకుకు మోకు బిగించకుండా పొలిమేర దాటేవాడు కాదు. కైక కథ మీకు తెలిసిందే. దేవాసుర యుద్ధంలో దశరథుని రథచక్రపు చీల ఊడిపోతే, ఆమె తన వేలు దూర్చి చక్రాన్ని నిలిపిందని జనశ్రుతి. వాల్మీకి ఈ వేలి ముచ్చట చెప్పలేదు గాని, కథ చెప్పినవారికి బళ్ల సంగతి బాగా తెలుసు. ఒక చీల ఊడినందుకు రెండు వరాలు, ఆ వరాలకు పద్నాలుగేళ్ల అరణ్యవాసం! అంత ఖరీదైన మరమ్మతు మరొకటి లేదు.

సరే, కుదురు ఎలా ఉండాలి? ఇది మా విద్యార్థితో రెండు మూడు సాయంకాలాలు వాదించి, వాడి నోటనే రాబట్టినది. ఇనుప యాంగిల్ ముక్కలతో బ్యాటరీ అడుగు కొలతకు ట్రే చేయించాలి. దానిని పలుచని రేకుకు కాక, బండి చట్రానికో, బలమైన అడ్డపట్టీకో బోల్టులతో బిగించాలి. రేకుకే బిగించవలసివస్తే వెనుకవైపు పెద్ద వాషరుగాని, పట్టీముక్కగాని వేయాలి, లేకపోతే కుదుపుకు బోల్టు రేకును చింపుకుని వస్తుంది. ట్రేలో రబ్బరు పరచాలి. పైనుంచి అడ్డంగా ఒక పట్టీ, రెండు వైపులా కొక్కెపు బోల్టులు, వదులుకాని నైలాను నట్లు. మరీ బిగిస్తే పెట్టె పగులుతుంది. పట్టీ ఇనుపదైతే టెర్మినళ్లకు దూరంగా ఉండి, దానికీ తొడుగు ఉండాలి. రెండు టెర్మినళ్లకూ రబ్బరు టోపీలు. బండికి వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీల తీగలు విప్పాలి, బ్యాటరీని అవతల పెట్టాలి. ఇంత చేసి, చివరకు రెండు చేతులతో బ్యాటరీని పట్టుకుని ఊపి చూడాలి. బండి ఊగాలి, బ్యాటరీ ఊగకూడదు. ఈ పరీక్ష వాడిదే. నాకు బాగా నచ్చింది.

దీనికి అయ్యే ఖర్చు బ్యాటరీ ఖరీదులో చిన్న భాగం. పని ఒక పూట. అయినా జరగదు. ఎందుకంటే చేయించవలసినవాడు డ్రైవరు కాదు, బండి యజమాని. యజమాని ఆ సీటు ఎత్తి చూడడు. డ్రైవరు రోజు కిరాయికి నడుపుతాడు, పూటంతా బండి ఆపితే తన సంపాదన పోతుంది. ఎలక్ట్రీషియన్ పట్టీ కావాలని పట్టుబడితే బేరం పక్క దుకాణానికి పోతుంది. ఇక రోగి బంధువులు, తండ్రి ఊపిరి అందక కొట్టుకుంటుంటే "నీ రెండో బ్యాటరీ చూపించు" అని ఎవరు అడుగుతారు? అడగకూడదు కూడా. నెమ్మదిగా ఉన్నప్పుడు అడగగలిగినవారు అడగాలి. ఫలానా వ్యానును పిలవండని రోగులకు నంబరు ఇచ్చే ఆసుపత్రులు, కాలనీ సంఘాలు, వృద్ధాశ్రమాలవారు అడగాలి. నంబరు గోడ మీద అతికించే ముందు ఒక్కసారి సీటు ఎత్తించి ఊపి చూడడానికి పది నిమిషాలు పట్టదు. మా వీధి పెద్దల సంఘంలో నేను ఈ మాట అన్నప్పుడు ఇద్దరు నవ్వారు, ఒకాయన మాత్రం తమ వాడకపు వ్యాను డ్రైవరును పిలిపించి చూపించమన్నాడు. బ్యాటరీ కింద ఇటుక ముక్క ఉంది.

మా విద్యార్థి మాట కూడా చెప్పాలి. ఇంతవరకు నాలుగు వ్యానులకు ట్రే కట్టాడు. అయిదవ బండి యజమాని పట్టీకి డబ్బులివ్వనంటే, "ఐతె కనెక్షన్ ఇయ్య" అని పంపివేశాడు. ఆ బండి వేరే దుకాణంలో పని చేయించుకున్నదని వాడే చెప్పాడు. వాడికి నష్టం వచ్చింది, నాకు మాత్రం ఏ విద్యార్థి ర్యాంకు విన్నప్పుడూ కలగనంత సంతోషం కలిగింది.

ప్రస్తుతం వాడి ఇబ్బంది కొలతలది. ప్రతి బండికీ అట్టముక్క కోసి మొదటి నుంచీ కొలుచుకోవలసి వస్తోంది. ఈకో వ్యానులో ముందు సీటు వెనుక అడుగు పట్టీకి సరిపోయేలా, 35 ఆంపియర్ అవర్ మూసిన బ్యాటరీకి ట్రే గీసిన బొమ్మ మిత్రులలో ఎవరి దగ్గరనైనా ఉంటే, మిల్లీమీటర్లలో కొలతలు వేసి పంపండి. బోల్టు రంధ్రాల మధ్య దూరం మరచిపోకండి. వాడు అడిగినది అదే.